కవలల కాన్పు: కోత ఒకటే, కాగితాలు మూడు

కడుపులో ఇద్దరున్నారని స్కానింగులో తేలగానే ఇంట్లో పెద్దలు అడిగే మొదటి మాట "అయితే ఆపరేషనేనా?" అని. తప్పనిసరి ఏమీ కాదు. మొదటి బిడ్డ తల కిందికి వుండి, వేరే చిక్కులు లేకపోతే మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. ఆ బిడ్డ అడ్డం తిరిగినా, ఎదురుకాళ్లతో వున్నా డాక్టర్లు సాధారణంగా సిజేరియనే చేస్తారు. ఇద్దరూ ఒకే ఉమ్మనీటి సంచిలో వుంటే బొడ్డుతాళ్లు పెనవేసుకునే ప్రమాదం వుంది. అటువంటప్పుడు నెలలు నిండేదాకా ఆగరు. 32-34 వారాల మధ్యనే కోతతో తీస్తారు. మాయ ఒకటో రెండో, సంచులు ఎన్నో బాగా తెలిసేది మూడో నెల చివర తీసే స్కానింగులోనే. అది ఎగ్గొడితే తర్వాత చెప్పడం కష్టం.

కవలలను మోసిన గర్భసంచి బాగా సాగి వుంటుంది. కాన్పయ్యాక త్వరగా ముడుచుకోక రక్తం ఎక్కువగా పోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. అందుచేత కవల గర్భిణికి రక్తం గ్రూపు ముందే చూసి, ఇచ్చేవారిని సిద్ధం చేసుకోవాలి. ఆ రాత్రి పరుగులు పెడితే లాభం లేదు.

ఇక కాగితాల సంగతి. కోత ఒకటే గనుక ఆపరేషను లెక్క ఒకటే. కేసు షీట్లు మాత్రం మూడు కావాలి: తల్లికి ఒకటి, బిడ్డకొకటి చొప్పున రెండు.

పెద్దాసుపత్రుల రికార్డు గదిలో ఈ షీట్ల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోని గుర్తు సంఖ్యలు వేస్తారు. ఆ జాబితా పదో సవరణలో 'ఓ 82' అంటే ఒంటి బిడ్డ సిజేరియను. ఇద్దరినీ కోతతోనే తీస్తే 'ఓ 84.2'. ఒకరు మామూలుగా, ఒకరు కోతతో పుడితే 'ఓ 84.8'. ఇద్దరూ ప్రాణంతో పుట్టారనడానికి తల్లి షీటు మీద 'జెడ్ 37.2', ఒకరు బతికి ఒకరు కడుపులోనే పోతే 'జెడ్ 37.3'. ఆస్పత్రిలో పుట్టిన కవల బిడ్డ అని చెప్పే 'జెడ్ 38.3' బిడ్డ షీటు మీదే వుండాలి, ఇద్దరికీ విడివిడిగా.

గుమాస్తాల గోల మనకెందుకు అనుకోవచ్చు. కవలలను ఒంటి కాన్పు కింద రాసేస్తే నెలలు తక్కువ పిల్లలు ఎందరో, వారికి పడకలు ఎన్ని కావాలో లెక్క తప్పుతుంది. ఇంటి నష్టం ఇంకా దగ్గరిది. ఒక బిడ్డ 2 కిలోల 200 గ్రాములు, రెండో బిడ్డ 1 కిలో 700 అనుకుందాం. ఒక్క బరువే రాస్తే చిన్నబిడ్డ కాగితం మీద లేనట్టే. పిల్లల మందు మోతాదు బరువును బట్టే కదా! చేతి పట్టీల మీద తల్లి పేరుతోపాటు ఒకటి, రెండు అని వున్నదీ లేనిదీ అమ్మమ్మగారైనా చూడాలి.

రెండున్నర కిలోల లోపు బిడ్డకు వెచ్చదనమే మొదటి మందు. తల్లి రొమ్ముకు ఆనించి, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకోవాలి. కోత నొప్పితో తల్లి ఇద్దరినీ మోయలేదు గనుక తండ్రి గాని అమ్మమ్మ గాని ఒకరిని కట్టుకోవచ్చు. ఇద్దరికి పాలు చాలవని వెంటనే డబ్బా పాలకు పోవడం తొందరపాటు. తాగేకొద్దీ పాలు ఊరతాయి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, తల్లికి జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా ఆస్పత్రికి రావాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సిజేరియను, జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం.

జనన నమోదు 21 రోజుల్లోగా, ఇద్దరికీ వేర్వేరుగా జరగాలి. కడుపులో పోయిన బిడ్డనూ నమోదు చేయాలని 1969 నాటి చట్టం చెబుతోంది. పుట్టి, ఊపిరి తీసి, కాసేపటికి పోయిన బిడ్డకైతే జననం, మరణం రెండూ రాయించాలి. పుట్టెడు దుఃఖంలో వున్న ఇంట్లో ఇది ఎవరికీ తోచదు. బంధువుల్లో ఒకరు పూనుకోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేర్చడానికి పుట్టిన తేదీ రుజువు జనన పత్రమే.

ఆపరేషనులో ఇద్దరి మధ్య తేడా తరచు ఒకటి రెండు నిమిషాలే. అన్న ఎవరు, తమ్ముడు ఎవరు అని రేపు తగవు వస్తే తీర్చేది ఆ షీటు మీది వేళే. ఇంటికి బయలుదేరే ముందు రెండు వేళలూ రాశారో లేదో చూసుకోవడం మంచిది.