డిఫ్ నిండా ఎరుపు, పచ్చే కనిపిస్తున్నాయా? అసలు మార్పు పట్టుకునేది ఇలా

కస్టమ్ రామ్‌లు, కెర్నల్ సోర్స్‌లు కెలికేవాళ్లకి ఇది బాగా తెలిసిన తలనొప్పే. కంపెనీ వదిలిన కొత్త సోర్స్‌ని పాతదానితో పోల్చి గిట్ డిఫ్ కొడతాం. ఫైల్‌లో మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా అన్నీ మారినట్టే చూపిస్తుంది. కళ్లు చికిలించి చూసినా రెండు వైపులా అదే కోడ్!

చాలాసార్లు కారణం లైన్ చివర ఉంటుంది. విండోస్ అక్కడ రెండు క్యారెక్టర్లు పెడుతుంది: క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్. లినక్స్, మ్యాక్‌లలో లైన్ ఫీడ్ ఒక్కటే. టెలిప్రింటర్ల కాలం నాటి గొడవ ఇది. విండోస్ నోట్‌ప్యాడ్‌కి లినక్స్ తరహా లైన్లు సరిగ్గా చూపించడం 2018లో గానీ రాలేదు. ఎవరో విండోస్ ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే చాలు, వెయ్యి లైన్లూ "మారిపోతాయి".

అందరూ చెప్పే మందు గిట్ డిఫ్ పక్కన హైఫన్ డబ్ల్యూ. ఖాళీలన్నీ వదిలేసి పోలుస్తుంది. గిట్‌హబ్‌లో అయితే 'హైడ్ వైట్‌స్పేస్' అని టిక్ ఉంటుంది. బాగానే పనిచేస్తుంది, కానీ నాకు దీని మీద పూర్తి నమ్మకం లేదు. పైథాన్‌లో రిటర్న్ లైన్ నాలుగు ఖాళీలు పక్కకి జరిగితే లూప్ బయట ఉండాల్సింది లోపలికి పోతుంది. మొదటి రౌండ్‌కే ఫంక్షన్ ముగిసిపోతుంది. డబ్ల్యూ పెడితే ఆ మార్పు అసలు కనిపించదు. మేక్‌ఫైల్‌లో ట్యాబ్ స్థానంలో స్పేస్‌లు పడితే బిల్డ్ 'మిస్సింగ్ సెపరేటర్' అని ఆగిపోతుంది. డిఫ్ మాత్రం అంతా బాగుందనే అంటుంది. హైఫన్ బి కాస్త మెతక ఆప్షనే అయినా ఈ రెండిటినీ అదీ దాచేస్తుంది.

అందుకే నేను ముందు వాడేది --ఇగ్నోర్-సీఆర్-ఎట్-ఈఓఎల్ (టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి సుమా). లైన్ చివరి క్యారేజ్ రిటర్న్‌ని మాత్రమే వదిలేస్తుంది, ఇండెంటేషన్ జోలికి పోదు. అప్పటికీ గోల తగ్గకపోతేనే డబ్ల్యూ. అదీ ఒక్కసారి స్కాన్ చేయడానికే. మెర్జ్ నొక్కే ముందు అది తీసేసి మళ్లీ చూస్తాను.

ఇక ప్రాజెక్ట్ మీదే అయితే గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో స్టార్, స్పేస్, టెక్స్ట్ ఈక్వల్స్ ఆటో అని ఒక్క లైన్ పెట్టండి. రిపోలోకి వెళ్లేటప్పుడు టెక్స్ట్ ఫైళ్లన్నీ లైన్ ఫీడ్‌కి మారిపోతాయి. పాత ఫైళ్ల కోసం గిట్ యాడ్‌కి రీనార్మలైజ్ ఆప్షన్ ఇచ్చి, దాన్ని విడిగా ఒక కమిట్ చేయండి. అందులో ఇంకే మార్పూ కలపొద్దు, రివ్యూ చేసేవాళ్లు తిట్టుకుంటారు.