ఆన్‌లైన్ సామూహిక క్రీడలు – కుటుంబ జీవనం

ఇంట్లో ఆడుకొనే ఆటలకు పూర్వం నుండి ఒక సౌలభ్యం ఉండేది. క్యారమ్స్ బల్ల ముందు కూర్చున్న పిల్లవాణ్ణి తల్లి భోజనానికి పిలిస్తే, కాయలను ఎక్కడివక్కడ వదలి లేచి రావచ్చు. తిరిగి వెళ్ళేసరికి అవి అక్కడే ఉంటాయి. తొలినాటి కంప్యూటర్ ఆటలలో సైతం ఒక మీట నొక్కితే ఆట నిలిచిపోయేది. కాని పలువురు కలసి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలలో ఈ నిలుపుదలకు తావు లేదు. ఎందుకంటే ఆట నడిచేది పిల్లవాని చేతిలోని ఫోనులో కాదు, ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో. అతడు ఫోను పక్కన పెట్టినా అక్కడ ఆట సాగుతూనే ఉంటుంది. అతని తోటివారు అతని కోసం ఎదురుచూస్తూనో, అతడు లేనందున ఓడిపోతూనో ఉంటారు.

మన దేశంలో పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో నిషేధించిన పిమ్మట, దాని స్థానంలో 2021 జూలైలో వచ్చిన బీజీఎంఐ అనే ఆటనే తీసుకుందాం. ఇందులో 100 మంది ఒకేసారి రంగంలో దిగుతారు. సాధారణంగా నలుగురు ఒక జట్టు. ఒక పోటీ తుదివరకు సాగితే సుమారు అరగంట పడుతుంది. మధ్యలో ఒకడు లేచిపోతే మిగిలిన ముగ్గురు నష్టపోతారు. “వస్తున్నా అమ్మీ, పది నిమిషాలు!” అనే జవాబు ఇక్కడి నుండే పుడుతున్నది. తల్లికి అది అవిధేయతగా వినిపిస్తుంది. పిల్లవాడేమో తాను ముగ్గురికి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని అనుకుంటాడు. ఈ రోజుల్లో ఇళ్ళలో దస్తర్‌ఖాన్ దగ్గరా, మగ్రిబ్ అజాన్ వేళా జరిగే వాగ్వాదాలలో చాలా భాగం ఈ రెండు లెక్కల మధ్య జరిగే ఘర్షణే. పోటీ మొదలుపెట్టక ముందే వేళ చూసుకోవాలని నేర్పిన ఇంట్లో ఈ ఘర్షణ చాలావరకు తగ్గుతుంది. పోటీ నడుమ ఫోను లాక్కున్న ఇంట్లో పెరుగుతుంది.

ఈ ఆటలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1978లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు, పలువురు ఒకే ఊహాలోకంలో ఒకేసారి తిరుగాడే ఆటను రూపొందించారు. అందులో బొమ్మలు లేవు, అక్షరాలే. 2004లో వెలువడిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. 2010 నాటికి దాని చందాదారులు 1 కోటి 20 లక్షలకు చేరారు. తొలి రోజులలో అందులోని కొన్ని కార్యాలకు 40 మంది దాకా ఒకేసారి కలవవలసి ఉండేది. అంతమంది కలవాలంటే వారం, వేళ ముందుగా నిర్ణయించుకోవాలి. రానివారు కబురు చెప్పాలి. పెద్దరికం వహించేవారు ఉండాలి. ఈ విధంగా ‘గిల్డ్’ అని పిలువబడే సంఘాలు ఏర్పడ్డాయి. ఒకే గిల్డ్‌లో ఏళ్ళ తరబడి ఉన్నవారికి పరస్పరం ఇంటి సంగతులు తెలియడం, కష్టసుఖాలు పంచుకోవడం సహజమే కదా!

అయితే ఆ సంగతి ఆడేవాని ఇంట్లోవారికి తెలియకపోవచ్చు. ఇందుకు నార్వే దేశంలోని ఒక కుటుంబపు ఉదంతం ప్రపంచానికంతటికీ విదితమైంది. మాట్స్ స్టీన్ అనే యువకుడు 1989లో జన్మించాడు. కండరాలు క్రమేణా క్షీణించే డుషేన్ అనే వ్యాధి అతనికి ఉన్నట్లు చిన్ననాటనే తేలింది. నడక పోయింది, చక్రాల కుర్చీ వచ్చింది. చివరి సంవత్సరాలలో వేళ్ళ కదలిక మాత్రమే మిగిలింది. ఆ వేళ్ళతోనే అతడు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాడు. చివరి పదేళ్ళలో 15,000 నుండి 20,000 గంటలు అందులో గడిపాడని అంచనా. తల్లిదండ్రులు ప్రేమలో ఏ లోటూ చేయలేదు. కాని కుమారుడు రాత్రులు మేలుకొని తెర ముందు కూర్చోవడం వారిని బాధించేది. అతనికి స్నేహితులు లేరనీ, ఎవరికీ ఉపయోగపడే అవకాశం లేకుండానే అతని బ్రతుకు గడిచిపోతున్నదనీ వారు కుమిలిపోయారు.

2014 నవంబరులో, 25వ ఏట, మాట్స్ మరణించాడు. అతడు నడుపుతుండిన బ్లాగు తాళం తండ్రి రాబర్ట్ చేతికి వచ్చింది. కుమారుని మరణవార్తను ఆయన అందులో రాసి, కింద తన చిరునామా ఇచ్చాడు. ఆ వెంటనే పలు దేశాల నుండి ఉత్తరాలు రాసాగాయి. ‘స్టార్‌లైట్’ అనే గిల్డ్‌లో ‘ఇబెలిన్’ అనే పేరుతో మాట్స్ ఎందరికో ఆప్తుడని ఆ తల్లిదండ్రులకు అప్పుడు తెలిసింది. అంత్యక్రియలకు నెదర్లాండ్స్, డెన్మార్క్, ఫిన్లాండ్, ఇంగ్లండ్‌ల నుండి గిల్డ్ సభ్యులు వచ్చారు. ప్రయాణ ఖర్చు భరించలేనివారికి తోటి సభ్యులు చందా వేసుకున్నారు. 2019లో నార్వే ప్రసార సంస్థ ఈ కథను వెలుగులోకి తెచ్చింది. గిల్డ్ భద్రపరచిన సంభాషణల ఆధారంగా బెంజమిన్ రీ తీసిన చిత్రం 2024లో విడుదలైంది.

ఆ సంభాషణలలో కుటుంబాల ప్రసక్తి ఎంత ఉందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చదువు చెడిపోతున్నదని తల్లిదండ్రులు కంప్యూటర్ తీసివేసినందున ఒక డచ్చి బాలిక తన మిత్రులందరికీ దూరమై క్రుంగిపోగా, మాట్స్ నేరుగా ఆమె తల్లిదండ్రులకే ఒక ఉత్తరం రాశాడు. వారి ఆందోళనను కాదనకుండానే, ఆ పిల్లకు ఆ స్నేహాలు ఎంత అవసరమో వివరించాడు. డెన్మార్క్‌లోని ఒక తల్లికి ఆటిజం గల కుమారుడున్నాడు. ఇంట్లో అతనితో మాట కలపడమే కష్టంగా ఉండేది. కుమారునితో కలసి ఆటలోనే సమయం గడపమని ఆమెకు మాట్స్ సలహా ఇచ్చాడు. ఎదురుగా ఉంటే తల్లి స్పర్శను భరించలేని ఆ కుమారుడు, ఆటలోని తన బొమ్మ చేత తల్లి బొమ్మను కౌగిలించాడు. తనకంటూ ఒక కుటుంబాన్ని ఏర్పరచుకొనే అవకాశం లేని రోగి ఒకడు ఇతరుల కుటుంబాలను ఇలా దగ్గర చేయడం విశేషమే.

ఈ ఉదంతం నుండి ఆన్‌లైన్ ఆటలన్నీ మేలే చేస్తాయని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. మాట్స్ తన చక్రాల కుర్చీని ఏళ్ళ తరబడి దాచగలిగాడు. అదే తెర వెనుక దురుద్దేశం గల పెద్దవాడొకడు తన వయసును కూడా దాచగలడు. కనుక పిల్లవాడు ఎంతసేపు ఆడాడన్న ప్రశ్నతో పాటు, ఎవరితో ఆడాడన్న ప్రశ్న కూడా ఇంట్లో రావాలి. ఆశ్చర్యమేమిటంటే బడిలో పక్క బెంచీ మిత్రుని తండ్రి పేరు సైతం తెలిసిన తల్లిదండ్రులకు, రాత్రిపూట చెవిలో మాట్లాడే జట్టు సభ్యుని పేరు తెలియదు. పక్కన కూర్చుని ఒక్క పోటీ చూస్తే చాలా సంగతులు బోధపడతాయి.

గంటల లెక్క అక్కరలేదని కాదు. 2023 మేలో బీజీఎంఐ తిరిగి అనుమతి పొందినప్పుడు 18 ఏళ్ళ లోపువారికి రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు అని పరిమితి విధించారు. పిల్లలకు 3 గంటలు కూడా ఎక్కువేనని అనేకమంది తల్లులు అంటారు, వారి మాట కాదనలేము. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో ‘ఆటల రుగ్మత’కు ఇచ్చిన లక్షణాలు వేరు: ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నిటి కంటే ఆటకే ప్రాధాన్యం పెరగడం, హాని కలుగుతున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా ఒక సంవత్సరం పాటు కనిపించాలి. గంటల సంఖ్య ఒక్కటే వ్యాధికి కొలత కాదు.

ఇక డబ్బు విషయం. ఆటలో ఏముందో తెలియని పెట్టెను డబ్బిచ్చి తెరవడం, అదృష్టముంటే విలువైన ఆయుధమో అలంకారమో దొరకడం – ఇది కొన్ని ఆటలలో ఉన్న ఏర్పాటు. బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ 2018లో కొన్ని ఆటలలోని ఇలాంటి పెట్టెలను జూదమేనని తేల్చింది. మైసిర్ నిషేధాన్ని ఎరిగిన పాఠకులకు ఇందులోని పోలిక వేరుగా చెప్పనక్కరలేదు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ భారత పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం ఆమోదించింది. పందెం లేని వినోదపు ఆటలను, ఈ-స్పోర్ట్స్‌ను అది వేరుగా ఉంచింది. తండ్రి ఫోనులో యూపీఐ తెరచి ఉండగా పిల్లవాని చేతికి ఆ ఫోను అందడమే ఇళ్ళలో జరిగే నష్టానికి తరచు మూలం.

గల్ఫ్ దేశాలలో పనిచేసే తండ్రుల ఇళ్ళలో ఈ ఆటలకు మరొక ముఖం ఉంది. కరీంనగర్‌లోనో, కడపలోనో ఉన్న పిల్లలతో ఫోనులో మాటలు అయిదు నిమిషాలలో అయిపోతాయి. “తిన్నావా?”, “చదువుకున్నావా?” – ఆ పైన ఏమి అడగాలో తండ్రికీ తోచదు, పిల్లవాడికీ తోచదు. కలసి ఆడితే అరగంట గడుస్తుంది. ఆట నడుమ బడి సంగతులు వాటంతటవే బయటికి వస్తాయి. నవీ ముంబయిలో తయారై 2016లో వెలువడిన లూడో కింగ్‌కు 2020 లాక్‌డౌన్ నెలలలో విశేష ప్రాచుర్యం కలిగింది కూడా దూరాన చిక్కుకున్న బంధువులు దాని ద్వారా కలవడం వల్లనే. లూడోలో పాచిక ఉన్నది కనుక, నర్ద్ ఆటను గూర్చిన హదీసు దృష్ట్యా ఫఖీహులలో అధికులు పాచికల ఆటలకు అభ్యంతరం చెప్పారు కనుక, దానికి బదులు ఫోనులోనే క్యారమ్స్ ఆడుకోవడానికి కూడా వీలుంది.

ఇక్కడ కూడా చిక్కు వేళ దగ్గరే. సౌదీ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ ఇషా నమాజు ముగించుకొని తండ్రి తీరిక చేసుకొనేసరికి ఇక్కడ పదకొండు దాటుతుంది, మర్నాడు బడి. శుక్రవారం ఒక్కరోజే సెలవు దొరికే కార్మికునికి అస్ర్ తరువాత, సాయంకాలం అయిదింటికి, వీలు చిక్కుతుంది. అప్పుడు ఇక్కడ ఏడున్నర. మగ్రిబ్ అయిపోయి, అన్నం ఇంకా వడ్డించని సమయమది.