సుగ్గి కేగు సామాను బండి

జనవరి మాసమున యెమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి తేరు కదలి, పశువుల సంత నిండుగా సాగు కాలముననే, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయము మొదలగు మండలముల పల్లెలనుండి వేఱొక యాత్ర బయలుదేఱుచుండును. ఇది దైవదర్శనమునకు గాదు. గుంటూరు సీమలో మిరపకాయ కోతకు. ఇచ్చటివారు దీనిని సుగ్గికి పోవుట యందురు. నెలల తరబడి పరాయి పొలము గట్టున కాపుర ముండవలసినవారగుటచే, జొన్నల మూట, బియ్యపు సంచి, రొట్టెపెనము, పొయ్యి, బిందెలు, బొంతలు, గుడిసెపై కప్పుటకు టార్పాలిన్ పట్ట, ఒక్కొక్కప్పుడు రెండు కోడిపెట్టలు, ఇవన్నియు ముందుగా బండి కెక్కును. పిదప వానిపై మనుష్యు లెక్కుదురు.

అమెరికాలో వినోదార్థము చక్రముల యింట దేశాటనము చేయువారికిని చోటు చాలని చిక్కు కలదు. ఆర్‌వీ అనబడు ఆ వాహనమున మంచము, వంటగది, స్నానశాల అన్నియు అమర్చియున్నను, సైకిళ్లకు, మడత కుర్చీలకు, జనరేటరునకు తావు దొరకదు. కావున అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల మూతపెట్టె బండి నొకదానిని వెనుక తగిలించుకొందురు. తెలుగు కుటుంబమైనచో అందు ఇడ్లీ పాత్రయు ఆవకాయ జాడీయు చేరకుండునా యని నా యనుమానము. ఆ పెట్టెకు బరువెత్తుటలో వారు పాటించు సూత్ర మొక్కటి కలదు: మొత్తము బరువులో 10 మొదలు 15 శాతము వఱకు ముందరి కొక్కెముపై ఆనవలెను. అంతకు తగ్గిన, వేగమున వెనుకబండి అటునిటు ఊగి ముందుబండిని గూడ త్రోవ తప్పించును. మిక్కిలి మించిన, లాగు వాహనము వెనుకకు క్రుంగి, ముందు చక్రములు తేలికపడి, స్టీరింగు పట్టు సడలును.

ఈ సూత్రమును ఆదోని మార్కెట్టునకు ప్రత్తి తోలిన పాతకాలపు బండివానికి బోధింపబూనుట హనుమంతుని యెదుట కుప్పిగంతులు వేయుటయే. బరువు ఇరుసునకు వెనుకగా జరిగినచో కాడి పైకి లేచి పట్టెడలు ఎద్దుల గొంతు నొక్కుననియు, ముందునకు జరిగినచో మెడలు కాచి పుండ్లు పడుననియు ఎఱిగినవాడగుటచేత, అతడు బోరెములు కట్టిన పిమ్మట నొగలు చేతబట్టి యొకమాఱు ఎత్తి చూచిగాని ఎద్దులను పూన్చడు. అందును ప్రత్తి బరువునకు తేలిక, ఎత్తునకు కొండ. గాలి మళ్లిన బండి యొరగును. కావుననే మోకు బిగించుటలో అంత నేర్పు. కందెన పెట్టుట, కడసీల చూచుకొనుట మున్నగునవి చెప్పనక్కఱలేదు. నేటి ట్రాక్టరు ట్రాలీ డ్రైవరు ఈ విద్యలో సగము మఱచెనని నా యభిప్రాయము. రాత్రివేళ ట్రాలీ వెనుక ఎఱ్ఱ బిళ్ల యైనను అంటింపనివానిని చూచినపుడు ఆ యభిప్రాయము మఱింత గట్టిపడును.

రైలు రాకమునుపు దక్కను త్రోవల సరకులో అధికభాగము లంబాడీల పెరిక ఎద్దుల వీపున నడచెడిది. 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 10, 12 వేల ఎద్దుల బిడారులను గూర్చి అబ్బురపడి వ్రాసెను. 1871లో మద్రాసు, బొంబాయి రైలుమార్గములు రాయచూరు దగ్గఱ కలియగా, ఆ దారిలోనే యున్న ఆదోని ప్రత్తికి రెండు మహానగరముల ద్వారములును తెఱచుకొన్నవి. పెరికల కాలము క్రమముగా అంతరించినది.

సంసారమంతయు వెంటగొని త్రోవ పట్టుట మాత్రము అంతరింపలేదు. తుంగభద్ర దిగువకాలువ ఈ సీమమీదుగనే పాఱుచున్నను, ఆ నీరందని నల్లరేగడి చేలకు వానయే దిక్కు; ప్రత్తి తీసిన పిదప మరల తొలకరి దాక ఆ చేలలో పనియుండదు. 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్నబండ్లు పల్లె సందులకు చక్కగా అమరినవి. ముప్పాతిక టన్ను బరువునకు నిర్మింపబడిన అట్టి బండి రెండు మూడు కుటుంబముల సామానును సుఖముగా మోయగలదు. ఆ కుటుంబములనే మోయుటకు మాత్రము దానిని నిర్మింపలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము దృష్టిలోను సరకుబండి సరకునకే. అందెక్కినవారికి త్రోవలో కీడు మూడినచో, గాయము మానకమునుపే బీమా వివాదము మొదలగును. వినోదమునకై తిరుగు విదేశీయుడు తన కుర్చీలకు వేఱొక బండి కట్టించి, తాను మెత్తని యాసనమున కూర్చుండగా, పొట్టకూటికై మూడువందల కిలోమీటర్లకు పైబడి పోవు మన తల్లి, చంటిబిడ్డను ఒడినిడుకొని గ్యాసుబండ ప్రక్కన కూర్చుండుట న్యాయమని నేనెన్నటికి నొప్పుకొనజాలను.

జాతరలకును సంక్రాంతికిని ప్రత్యేక బస్సులు నడుపు ఆర్టీసీ, ఆదోని, యెమ్మిగనూరు డిపోలనుండి సుగ్గి మాసములలో ఊరూరికి కొన్ని బస్సులు పంపుట అసాధ్యము గాదు. పది కుటుంబములకు బస్సు ఒకటి, సామానునకు చిన్నబండి యొకటి వెంట నడచినచో చాలును. బస్సు టిక్కెట్టు కూలీ కొనును. సామాను బండి బాడుగ మాత్రము, కాయ కోయించుకొను గుంటూరు రైతును, కూలీలను కుదుర్చు మేస్త్రీయు కలిసి భరింపవలెను.