కంప్యూటరులో ఏ భాగమును మార్చవలెను?

ఇంట కంప్యూటరుపై ఆటలాడు విద్యార్థులు సెలవులు సమీపించగానే మమ్ము అడుగు ప్రశ్న ఒకటి కలదు. "సార్, గేములు ఆగి ఆగి నడుస్తున్నాయి, ఏ పార్టు మార్చాలి?" అందురు. అడుగునప్పటికే వారిలో అనేకులు సమాధానమును నిశ్చయించుకొనియే వత్తురు. అది గ్రాఫిక్స్ కార్డు. తండ్రి కష్టార్జితమో, స్కాలర్షిప్పు సొమ్మో వెచ్చించి తెచ్చిన ఆ కార్డు ఆటను వీసమెత్తయినను వేగవంతము చేయకపోవచ్చును. ఇట్టి వ్యయమునే మన ఇండ్లలో పెద్దలు ఇస్రాఫ్ అని వారింతురు. అట్లేల జరుగునో, దానిని ముందుగా తెలిసికొనుటెట్లో వివరింప యత్నించుచున్నాము.

తెరపై కనబడు కదలిక నిజమునకు వరుసగా మారు చిత్రముల సముదాయము. సెకనుకు 60 చిత్రములు రావలెనన్న ఒక్కొక్క దానికి లభించు వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. ఈ పనిని ఇద్దరు పంచుకొందురు. ఏ పాత్ర ఎచ్చట నున్నది, బంతి ఏ దిక్కునకు పోవుచున్నది, కూలిన గోడ ఇటుకలు ఎట్లు పడవలెను అని లెక్కించి, ఏమి గీయవలెనో ఆజ్ఞాపించునది ప్రాసెసరు. ఆ ఆజ్ఞను రంగులుగా, నీడలుగా మార్చి చిత్రమును పూర్తిచేయునది గ్రాఫిక్స్ కార్డు. కార్డు ఒక చిత్రమును గీయుచుండగా ప్రాసెసరు తరువాతి దానిని సిద్ధపరచుచుండును.

రంజాను చివరి రోజులలో దర్జీ దుకాణమును చూడుడు. మాస్టరు గంటకు ఐదు జతలు కత్తిరించును. మిషనుపై కూర్చున్నవాడు ఎనిమిది జతలు కుట్టగలడు. దుకాణమునుండి గంటకు వెలువడునవి ఐదు జతలే. యజమాని కుట్టువానికి పన్నెండు జతలు కుట్టగల క్రొత్త మిషను కొనియిచ్చినను వెలువడునవి ఐదే. కుట్టువానికి తీరిక మాత్రము పెరుగును. కంప్యూటరులోను ఇంతే. ఒక ఆటలో చిత్రమునకు ప్రాసెసరు 20 మిల్లీసెకన్లు, కార్డు 12 మిల్లీసెకన్లు తీసికొనుచున్న యెడల సెకనుకు 50 చిత్రములు వచ్చును. ఖరీదైన కార్డు తెచ్చి 12ను 6 చేసినను ఆ 50 కదలదు. ప్రాసెసరుకు 8, కార్డుకు 25 అయినచో సంగతి వేరు. అప్పుడు వచ్చునవి 40 చిత్రములు. రెట్టింపు వేగము గల కార్డు తెచ్చినచో అవి 80 అగును. ఒక భాగమును ఎంత వేగపరచినను మిగిలిన పని హద్దు విధించునని జీన్ ఆమ్‌డాల్ 1967లోనే వాదించెను.

మన యంత్రములో వెనుకబడినవాడు ఎవడో రూపాయి ఖర్చు లేకయే తేల్చవచ్చును. ఆటలో వీ-సింక్ అను అమరికను మొదట తొలగించవలెను. అది చిత్రముల సంఖ్యను తెర వేగమునకు కట్టివేయును. పిమ్మట రిజల్యూషనును 1920×1080 నుండి 1280×720కు తగ్గించి అదే ఘట్టమును మరల ఆడవలెను. గీయవలసిన చుక్కలు 20,73,600 నుండి 9,21,600కు దిగును గనుక కార్డు భారము సగమునకు పైగా తీరును. ప్రాసెసరు లెక్కలు దాదాపు అట్లే ఉండును. చిత్రముల సంఖ్య బాగుగా పెరిగినచో వెనుకబడినది కార్డు. పెరగనిచో ప్రాసెసరును అనుమానింపవలెను. టాస్క్ మేనేజరు ప్రాసెసరు వినియోగమును 40 శాతమని చూపినంత మాత్రమున దానికి తీరిక కలదని భ్రమపడరాదు. పెక్కు ఆటలు ఒకటి రెండు కోర్‌లపైననే అధిక భారము మోపును. తక్కిన కోర్‌ల విశ్రాంతి సగటులో కలిసి మనలను మోసగించును.

సగటు బాగుండియు ఆట మధ్యమధ్య తటాలున నిలిచిపోవుచున్నచో మెమొరీని చూడవలెను. ఒకే 8 జీబీ డీడీఆర్4-2400 పట్టీ సెకనుకు 19.2 జీబీ అందించును. జతగా మరియొకటి చేర్చినచో 38.4 అగును. రైజెన్ 5 5600జీ వలె ప్రత్యేక కార్డు లేని యంత్రములకు దీని మేలు మిక్కిలి ఎక్కువ, ఏలయన చిత్రములు గీయు భాగము ఆ మెమొరీనే వాడుకొనును. అయితే 2025 చివర మెమొరీ ధరలు విపరీతముగా పెరిగినందున పాత పట్టీలను పారవేయకుండుట మంచిది. హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వచ్చినచో ఆట త్వరగా తెరుచుకొనును గాని చిత్రముల సంఖ్య పెద్దగా మారదు. కళాశాల ప్రయోగశాలలోని పాత యంత్రములకు మాత్రము ఇదియే మొదటి ఖర్చు కావలెనని మా అభిప్రాయము. ఇక దుమ్ము. మన ఎండలలో ఫ్యాను రెక్కలు మూసికొనిపోయినచో ప్రాసెసరు వేడికి తాళలేక తన వేగమును తానే తగ్గించుకొనును; దీనికి చిన్న కుంచె చాలును.

ప్రాసెసరే మార్చవలసివచ్చినచో మదర్‌బోర్డును అడుగవలెను. 2017లో ఇంటెల్ ఎనిమిదవ తరము ప్రాసెసర్లు పాత 1151 పిన్నుల సాకెట్టుతోనే వచ్చినను, ఏడవ తరపు బోర్డులపై పనిచేయలేదు. కోర్ ఐ5-7400 కలవారు బోర్డును సైతము మార్చవలసి వచ్చును. అదే 2017 నాటి ఏఎమ్‌డీ ఏఎమ్4 బోర్డులు అనేకము, బయోస్ నవీకరణతో, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని సైతము స్వీకరించినవి.

కార్డు మార్చువారికి పవర్ సప్లై అడ్డు తగులును. 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్లతో, బోర్డునుండియే విద్యుత్తు గ్రహించి నడుచును. 2021 నాటి ఆర్‌టీఎక్స్ 3060కు 170 వాట్లు, వేరుగా ఒక తీగ కావలెను. దానికి 550 వాట్ల సప్లైని తయారీదారు సూచించెను. కార్డు 170, ప్రాసెసరు 65 కలిసి 235 వాట్లు, అనగా 12 వోల్టుల వద్ద సుమారు 20 ఆంపియర్లు. సికిందరాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోవు విద్యార్థి, ఇంటనే పెట్టె విప్పి, సప్లైపై అంటించిన కాగితమున 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు కలవో, బోర్డు పేరేమో వ్రాసికొని, పెట్టెలో కార్డుకెంత నిడివి చోటు కలదో స్కేలుతో కొలుచుకొని బయలుదేరవలెను.