సెన్సెక్స్ కూలిన రోజు బేర్లకు నిజంగా పండగేనా?

2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు సాగుతుండగా సెన్సెక్స్ 4,390 పాయింట్లు పడిపోయి 72,079 దగ్గర ముగిసింది. నిఫ్టీ దాదాపు 6 శాతం నష్టపోయింది. ఎగ్జిట్ పోల్స్ చూసి ముందు రోజే 2,500 పాయింట్లకు పైగా ఎగిసిన సూచీ ఇది. బీజేపీకి సొంతంగా మెజారిటీ ఖాయమన్న అంచనా తలకిందులై ఆ పార్టీ 240 సీట్ల దగ్గర ఆగిపోవడంతో అమ్మకాలు వెల్లువెత్తాయి. మార్కెట్ ఇలా పడిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది: బేర్లు దోచేశారు, మనమూ పుట్లు (సూచీ పడితే ధర పెరిగే ఆప్షన్లు) కొని ఉంటే బాగుపడేవాళ్లం అని.

మార్కెట్ పడుతుందని నమ్మి అమ్మకాల వైపు నిలబడే ట్రేడర్లే బేర్లు. వాళ్ల గురించి మనలో పాతుకుపోయిన నమ్మకాలు చాలావరకు తప్పు. ఆ తప్పుల ఖరీదును చిన్న చిన్న జీతాల నుంచి చెల్లిస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే ఈ నమ్మకాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

అపోహ: ఆవిరైన లక్షల కోట్లన్నీ బేర్ల జేబుల్లోకి వెళ్తాయి.

వాస్తవం: జూన్ 4న బీఎస్ఈలో నమోదైన కంపెనీల మార్కెట్ విలువ సుమారు 31 లక్షల కోట్ల రూపాయలు తగ్గింది. ఆ అంకె చూడగానే అంత డబ్బూ ఎవరో పట్టుకుపోయారనిపిస్తుంది. మార్కెట్ విలువ అంటే, చివరిగా జరిగిన లావాదేవీ ధరను కంపెనీ మొత్తం షేర్లతో గుణిస్తే వచ్చే లెక్క. ఆ రోజు చేతులు మారినవి కొన్ని షేర్లే అయినా, కొత్త ధరను అన్నిటికీ వర్తింపజేస్తారు. ఊరి చివర వెంచర్‌లో వంద ప్లాట్లు ఉన్నాయనుకోండి. ఇంట్లో పెళ్లి ఖర్చు మీదపడి ఒకాయన గజం 20 వేల ప్లాటును 18 వేలకే తెగనమ్మితే, మిగతా తొంభై తొమ్మిది మంది ఆస్తి విలువా కాగితం మీద తగ్గుతుంది. నగదు చేతులు మారింది మాత్రం ఆ ఒక్క ప్లాటుకే.

ఆ రోజు లెక్కల్లోనే దీనికి రుజువు ఉంది. అందరూ వేలెత్తి చూపిన విదేశీ సంస్థాగత మదుపరులు నగదు మార్కెట్లో నికరంగా అమ్మింది 12 వేల కోట్ల రూపాయలకు కాస్త పైన. విలువ తగ్గిందేమో 31 లక్షల కోట్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, 'దోచేశారు' అన్న మాట నిలబడదు. పైగా అమ్ముడైన ప్రతి షేరునూ అవతల ఎవరో ఒకరు కొన్నారు. ఆ రోజు చిన్న మదుపరులు నికరంగా కొనుగోలుదారులే. మూడు రోజులు తిరిగేసరికి, జూన్ 7న సెన్సెక్స్ 76,693 దగ్గర కొత్త రికార్డుతో ముగిసింది. ఎవరూ ఏదీ పట్టుకుపోలేదు కాబట్టే ఎవరూ తిరిగి ఇవ్వనవసరం లేకుండానే ఆ విలువ చాలావరకు వెనక్కి వచ్చింది.

ఒకరి జేబులోంచి మరొకరి జేబులోకి డబ్బు నేరుగా వెళ్లేది ఫ్యూచర్స్, ఆప్షన్ల విభాగంలో. అక్కడ ఒకరి లాభం ఇంకొకరి నష్టమే. బ్రోకరేజీ, పన్నులు పోగా మిగిలేది ఇంకా తక్కువ. అసలు ప్రమాదం ఉన్నది అక్కడే.

అపోహ: చెడు వార్త రాగానే పుట్ ఆప్షన్ కొంటే లాభం ఖాయం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచుతున్నది ఈ నమ్మకమే. వార్త మీ ఫోన్‌కు చేరేసరికి మార్కెట్ దాన్ని ధరలో కలిపేసి ఉంటుంది. ఉదయం తొమ్మిదింబావుకు సూచీ ముందు రోజు ముగింపు కంటే బాగా కింద (గ్యాప్ డౌన్‌తో) మొదలైందంటే, పడాల్సినదాంట్లో పెద్ద భాగం మీరు ఆర్డర్ పెట్టకముందే పడిపోయిందన్నమాట. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధానికి దిగింది. సెన్సెక్స్ 2,702 పాయింట్లు పడింది. యుద్ధం ఇప్పుడే మొదలైంది కదా, ఇంకా పడుతుందని ఆ సాయంత్రం అమ్మకాల వైపు నిలబడినవారికి మర్నాడు ఎదురైంది 1,328 పాయింట్ల లాభం. అక్కడ యుద్ధం మాత్రం ఆగలేదు.

2020 మార్చి 13 ఇంకా కఠినమైన పాఠం. కరోనా భయంతో మార్కెట్ తెరిచిన కాసేపటికే సూచీ 10 శాతం పడి, 45 నిమిషాల పాటు ట్రేడింగ్ నిలిచిపోయింది. ఆ విరామంలో 'ఈ రోజుతో అంతా అయిపోయింది' అని తేల్చుకున్నవారు ఎందరో. మళ్లీ మొదలయ్యాక మార్కెట్ గిర్రున తిరిగి, సెన్సెక్స్ 1,325 పాయింట్ల లాభంతో ముగిసింది. అలాగని భయపడినవారి అంచనా పూర్తిగా తప్పని కాదు. పది రోజులకు, మార్చి 23న, అదే సెన్సెక్స్ 13 శాతం కుప్పకూలింది. దిశ సరిగ్గా ఊహించి కూడా, రోజు తప్పినందుకు డబ్బు పోగొట్టుకోవచ్చు.

దీనికి తోడు ప్రీమియం, అంటే ఆప్షన్ కొనడానికి కట్టే ధర. భయం పెరిగిన రోజున పుట్ ధర కూడా పెరుగుతుంది, అందరూ ఒక్కసారిగా దానికోసమే ఎగబడతారు కాబట్టి. ఆ భయాన్ని కొలిచే సూచీ ఇండియా విక్స్. జూన్ 4న అది 26 దాటి ముగిసి, మర్నాడు ఒక్కరోజులోనే 19 దగ్గరకు పడిపోయింది. మామూలు రోజుల్లో 100 రూపాయలుండే పుట్‌ను భయం మీద 220కి కొన్నారనుకుందాం. మర్నాడు నిఫ్టీ ఇంకో వంద పాయింట్లు పడినా, భయం చల్లారితే దాని ధర 180కి దిగిపోవచ్చు. మార్కెట్ పడింది, మీ అంచనా నిజమైంది, మీకు మాత్రం నష్టమే మిగిలింది. ఎక్స్‌పైరీ, అంటే ఆప్షన్ గడువు, దగ్గరపడే కొద్దీ రోజురోజుకూ కరిగే విలువ వేరు. అనుభవమున్న బేర్లు చాలామంది మార్కెట్ ప్రశాంతంగా ఉన్నప్పుడే, ప్రీమియం చౌకగా దొరికేటప్పుడే పొజిషన్ తీసుకుంటారు. వార్త వచ్చాక వాళ్లు చేసేది లాభం తీసుకుని బయటపడటం. అప్పుడు వాళ్లు అమ్మే పుట్‌ను కొనేది ఎవరో మీరే ఊహించండి.

అపోహ: షార్ట్ సెల్లింగ్ మన దేశంలో నిషేధం.

వాస్తవం: కాదు. నగదు మార్కెట్లో చేతిలో లేని షేరును ఉదయం అమ్మి, మార్కెట్ మూసేలోగా కొని లెక్క సరిచేసుకోవచ్చు. రోజు దాటి కొనసాగించాలంటే ఫ్యూచర్స్ ఉన్నాయి, 2008 నుంచి షేర్లు అరువు తెచ్చుకునే ఏర్పాటూ ఉంది. 2001లో స్టాక్ బ్రోకర్ కేతన్ పరేఖ్ కుంభకోణం సమయంలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కొంతకాలం షార్ట్ సెల్లింగ్‌ను ఆపింది. ఆ జ్ఞాపకమే నేటికీ ఇలా చలామణీ అవుతోంది.

అపోహ: సూచీ పడే రోజు ఏ షేరును షార్ట్ చేసినా డబ్బే.

వాస్తవం: నిఫ్టీ 6 శాతం పడిన జూన్ 4నే హిందుస్థాన్ యూనిలీవర్ సుమారు 6 శాతం పెరిగింది. ఆంధ్రప్రదేశ్ సంగతి తెలిసిందే. తెలుగుదేశం విజయంతో, ఎన్డీఏ ప్రభుత్వానికి చంద్రబాబు మద్దతు కీలకం కావడంతో ఆయన కుటుంబానికి చెందిన హెరిటేజ్ ఫుడ్స్ షేరు ఆ ఒక్క వారంలోనే 50 శాతానికి పైగా పెరిగింది, అదీ అప్పర్ సర్క్యూట్లు (ఒక్కరోజులో పెరగగల గరిష్ఠ హద్దు) తాకుతూ. అప్పర్ సర్క్యూట్ పడిందంటే అమ్మేవాడే దొరకడు. ఉదయం షార్ట్ చేసినవాడు తిరిగి కొనలేక చిక్కుకుపోతాడు. అప్పుడు ఎక్స్ఛేంజీ వేలంలో షేర్లు కొని అవతలివారికి అప్పగిస్తుంది, ఆ ఎక్కువ ధర ఇతని మీదే పడుతుంది.

పుట్ కొన్నవాడికి పోయేది కట్టిన ప్రీమియం వరకే. షార్ట్ చేసినవాడి నష్టానికి ఆ హద్దు లేదు. 2009 మే 18న యూపీఏ గెలుపు వార్తతో సూచీ రెండుసార్లు అప్పర్ సర్క్యూట్ తాకి ట్రేడింగ్ ఆగిపోయింది. సెన్సెక్స్ ఒక్కరోజులో 17 శాతం పెరిగింది. అమ్మకాల వైపు ఉన్నవారికి బయటపడే సందే దొరకలేదు.

అపోహ: బేర్లే మంచి కంపెనీలను కూల్చేస్తారు.

వాస్తవం: తెలుగువాళ్లం ఈ మాట అనేముందు సత్యం కంప్యూటర్స్‌ను గుర్తు చేసుకోవాలి. 2008 డిసెంబరు 16న ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటామని సత్యం ప్రకటించగానే మదుపరులు తిరగబడ్డారు. మర్నాడు షేరు సుమారు 30 శాతం పడింది. అప్పుడు అమ్మినవారికి ఖాతాల్లో ఏముందో తెలియదు, ఆ నిర్ణయం వెనుక ఏదో తేడా ఉందని మాత్రం అనిపించింది. వాళ్ల అనుమానమే నిజమైంది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని అందులో ఒప్పుకున్నారు. షేరు ఆ రోజు 180 రూపాయల దగ్గర నుంచి 40కి పడింది. ఆ ఒక్కరోజులో వేలాది తెలుగు కుటుంబాల పొదుపు తుడిచిపెట్టుకుపోయింది. కంపెనీని కూల్చింది లోపల దాచిన అబద్ధం. డిసెంబరులోనే అమ్మినవారు నిజానికి హెచ్చరిక చేశారు.

తప్పుడు పుకార్లు పుట్టించి షేరు పడగొట్టడం వేరు. అది సెబీ నిబంధనల ప్రకారం శిక్షించదగ్గ మోసం, దాన్ని ఎవరూ సమర్థించకూడదు. కానీ ధర ఎక్కువైందని నమ్మి తన డబ్బుతో అమ్మేవాడు మార్కెట్‌కు అవసరం. అందరూ కొనేవాళ్లే అయితే అబద్ధపు ధరను ప్రశ్నించేదెవరు?

చివరిగా సెబీ లెక్క ఒకటి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, వారంతా కలిసి పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనేనని 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించింది. వీళ్లలో మార్కెట్ పెరుగుతుందని నమ్మే బుల్స్ ఉన్నారు, బేర్లూ ఉన్నారు. నష్టపోయినవారిలో 75 శాతానికి పైగా ఆ తర్వాత కూడా అదే ట్రేడింగ్ కొనసాగించారు. రేపు ఏ పెద్ద వార్తకో మార్కెట్ పడి మీ వేలు పుట్ ఆప్షన్ మీదకు వెళ్తే, ఆ ఆర్డర్‌ను ఒక్కరోజు ఆపండి. పిల్లల ఫీజు డబ్బు, ఇంటి వాయిదా డబ్బు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అందులో పెట్టకండి.