ఏ కాలపు డంక్ గొప్పది? చాంబర్లేన్ నుంచి యాన్నిస్ దాకా

సాంచాలు ఆగిన పూట ఇంట్లో పిల్లల ఫోన్లో అమెరికా బాస్కెట్‌బాల్ నడుస్తుంటుంది. ఏడడుగుల మనిషి ఎగిరి, బంతిని రింగు పైనుంచి రెండు చేతులతో కిందికి కొడతాడు. దాన్నే డంక్ అంటారు. వెంటనే వాదన మొదలవుతుంది: షాక్ గొప్పా, యాన్నిస్ గొప్పా? పాత ఆటగాళ్ల పేరెత్తితే పిల్లలు నవ్వేస్తారు. అప్పట్లో ఎదుట ఎవరున్నారని అడుగుతారు.

నీలం నగర్‌లో ఈ వాదన మనకు కొత్తది కాదు. గుంట మగ్గం మీద తాత రోజంతా నేసిన బట్టను సాంచా మీద దిగే గజాలతో పోల్చి, తాతకు పని రాదంటే ఎవరూ ఒప్పుకోరు. మగ్గం ఏదో చెప్పకుండా గజాలు చెబితే ఆ లెక్కకు అర్థం లేదు. ఆటలోనూ అంతే.

రింగు మారలేదు, మిగతావన్నీ మారాయి

1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను తయారుచేసినప్పుడు రింగు పది అడుగుల ఎత్తున ఉంది. ఇప్పటికీ అంతే. కానీ దాని కింద ఆడే నియమాలు మారుతూ వచ్చాయి. రింగు ముందున్న రంగు గీతల మధ్య దాడి చేసే ఆటగాడు మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. ఆ చోటు వెడల్పు మొదట 6 అడుగులే. జార్జ్ మైకన్ అనే 6 అడుగుల 10 అంగుళాల ఆటగాడిని ఆపలేక 1951లో దాన్ని 12 అడుగులు చేశారు. విల్ట్ చాంబర్లేన్ వచ్చాక 1964లో 16 అడుగులు చేశారు. అంటే పొడుగు మనిషిని రింగుకు దూరంగా నెట్టారు.

చాంబర్లేన్ ఎత్తు 7 అడుగుల 1 అంగుళం. 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. ఆ సీజన్‌లో అతని సగటు 50.4. ఇక్కడ రెండు వైపులా చూడాలి. అప్పుడు ఎన్‌బీఏలో 9 జట్లే ఉండేవి, ఇప్పుడు 30. అప్పటి ఆట వేగం కూడా ఎక్కువ. ఒక్కో జట్టు మ్యాచ్‌కు వందకు పైగా షాట్లు వేసేది, ఇప్పుడు తొంభై దగ్గర. అవకాశాలు ఎక్కువైతే పాయింట్లూ పెరుగుతాయి. అయితే అదే వేగంలో ఆడిన మిగతావాళ్లెవరూ సగటున 50 చేయలేదు కదా.

నిషేధాలు, విరిగిన బోర్డులు

కరీమ్ అబ్దుల్ జబ్బార్ కాలేజీలో ఆడుతుండగా, 1967లో అమెరికా కాలేజీ ఆటలో డంక్‌నే నిషేధించారు. 1976 దాకా ఆ నిషేధం సాగింది. కరీమ్ తన హుక్ షాట్‌కు మరింత పదును పెట్టాడు. 1989లో ఆట మానేసేనాటికి 38,387 పాయింట్లు చేశాడు. 2023లో లెబ్రాన్ జేమ్స్ దాటేదాకా అదే రికార్డు.

1979లో డారిల్ డాకిన్స్ కొన్ని వారాల తేడాతో రెండు గాజు బోర్డులు పగలగొట్టాడు. తర్వాత బరువు పడితే కిందికి వంగి తిరిగి లేచే స్ప్రింగు రింగులు వచ్చాయి. 1993లో, తన మొదటి సీజన్‌లోనే షాకిల్ ఓనీల్ రెండు చోట్ల రింగు స్తంభాన్నే కూల్చాడు. స్తంభాలను గట్టిపరచాల్సి వచ్చింది. 2000 నుంచి 2002 వరకు వరుసగా మూడు ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. లోపమూ ఉంది. ఫ్రీ త్రోలలో దాదాపు సగమే పడేవి. అందుకే ప్రత్యర్థులు కావాలనే ఫౌల్ చేసేవారు. మొత్తం కెరీర్‌లో దూరం నుంచి వేసిన మూడు పాయింట్ల షాట్ ఒక్కటే పడింది.

ఇప్పుడు అలాంటి ఆటగాడికి కష్టం. 2001లో ఎన్‌బీఏ జోన్ రక్షణకు వీలు కల్పించింది. ఇద్దరు ముగ్గురు కలిసి పొడుగు మనిషిని ముందే చుట్టుముట్టవచ్చు. యాన్నిస్ దూరం నుంచి బంతిని నడిపించుకుంటూ వచ్చి డంక్ చేస్తాడు. 2021 ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో 50 పాయింట్లు చేసి జట్టును గెలిపించాడు. మూడుసార్లు ఎంవీపీ అయిన నికోలా యోకిచ్ అయితే డంక్ చేసేదే అరుదు.

పుస్తకంలో లేని లెక్క

అంకెలతో తేల్చుకుందామంటే ఇంకో చిక్కు ఉంది. ఎదుటివాడి షాట్‌ను ఆపే బ్లాకుల లెక్క 1973-74 సీజన్ నుంచే రాశారు. చాంబర్లేన్ 1973లోనే ఆట మానేశాడు. బ్లాకులకు పేరుపడిన బిల్ రసెల్ 1969లో మానేశాడు. ఇద్దరి ఖాతాలోనూ అధికారికంగా ఒక్క బ్లాకూ లేదు. 100 పాయింట్ల మ్యాచ్‌కు వీడియో కూడా లేదు.

కాబట్టి వాదన వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. అతని కాలపు నియమాలేమిటి? తోటివారికంటే ఎంత ముందున్నాడు? అతన్ని ఆపడానికి ఆట ఏం మార్చుకుంది? ఉత్త డంక్ బలం చూస్తే షాక్‌ను మించినవాడు కనిపించడు. తన కాలాన్ని ఏలిన తీరు చూస్తే చాంబర్లేన్‌దే పైచేయి. యాన్నిస్‌ను తూచడానికి అతని ఆట పూర్తికావాలి.

పిల్లలకు ఇది చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పండి. మన పెద్దలు గుంట మగ్గం మీద ఎంత నేశారో ఏ పుస్తకమూ రాయలేదు. అడిగితే చెప్పేవాళ్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు. ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి అడగండి, రాసిపెట్టుకోండి.