సుద్దనేలలో పూల పచ్చిక... ఎరువు వద్దు, ఓపిక ముద్దు!

ఇంగ్లండ్ దక్షిణాన లూటన్, వించెస్టర్, బ్రైటన్ వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఓ అనుభవం మామూలే. పెరట్లో పార దించితే చాలు, తెల్లటి సుద్దరాళ్లు తగులుతాయి. మట్టి పొర పలచన, నీరు నిలవదు. 'ఇదేం నేలరా బాబూ' అనుకుంటూ బస్తాలకు బస్తాలు కంపోస్టు తెచ్చి పోస్తుంటాం. అయితే అడవిపూలు కావాలంటే ఆ బస్తాలతో పనే లేదు!

సారం ఎక్కువైతే గడ్డి, దురదగొండి లాంటివి ఏపుగా పెరిగి పూలమొక్కలను మింగేస్తాయి. సారం లేని సుద్దనేలలో గడ్డికి బలం చాలదు, పూలకు చోటు దొరుకుతుంది. ఇక్కడి పాత సుద్ద కొండల మీద ఒక్క చదరపు మీటరులోనే 40 రకాల మొక్కలు కనిపించే చోట్లున్నాయి. మన తంగేడు, గునుగు మాత్రం బీడు భూముల్లో పూయడం లేదూ? కానీ 1930ల నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి పూల పచ్చికలు 97 శాతం దాకా పోయాయి. దున్నకాలు, రసాయన ఎరువులే ప్రధాన కారణం.

ఎలా చల్లాలి?

సెప్టెంబరు అదను మంచిది. పాత గడ్డిని వేళ్లతో సహా తీసేసి, నేలను దంతెతో సాపు చేయాలి. సుద్దనేలకు సరిపడే స్థానిక విత్తనాల మిశ్రమం కొనాలి. గడ్డి, పూలు కలిసినదైతే చదరపు మీటరుకు 4 గ్రాములు చాలు. పొడి ఇసుకలో కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాలి. మట్టి కప్పకూడదు, కాళ్లతో తొక్కితే సరి. కొండల మీది మొక్కలు పీక్కొస్తే మాత్రం చట్టరీత్యా నేరం.

మొదటి ఏడాదే పరీక్ష

తొలి వేసవిలో పూల ఆశ పెట్టుకోవద్దు. నాలుగంగుళాలు పెరిగినప్పుడల్లా రెండంగుళాలకు కత్తిరించి, ఆ గడ్డిని ఎత్తేయాలి. మేం చల్లిన ఏడాది నాన్నగారు ఆరు నెలల వీసా మీద వచ్చారు. కృష్ణా డెల్టా రైతు. 'గుప్పెడు యూరియా అన్నా వెయ్యండ్రా' అని రోజూ పోరే. మేం వెయ్యలేదు. ఆయన విమానం ఎక్కేనాటికి ఒక్క పువ్వూ లేదు. మరుసటి జూన్‌లో తెల్లటి ఆక్స్ ఐ డైసీలు, పచ్చటి కిడ్నీ వెచ్ పూలు ఫోన్‌లో చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిందొక్కటే... 'నిజంగా ఏమీ వెయ్యలేదా?'

రెండో ఏడాది నుంచి ఒకే పెద్ద కోత... జులై చివర్లోనో, ఆగస్టులోనో. కోసిన గడ్డిని రెండు మూడు రోజులు ఆరనిస్తే గింజలు రాలతాయి. తర్వాత తీసేయాల్సిందే. కుళ్లితే అదే ఎరువవుతుంది! గడ్డి ఇంకా మొండికేస్తే రెండో శరత్తులో 'యెల్లో ర్యాటిల్' గింజలు చల్లాలి. ఇది గడ్డి వేళ్ల నుంచి సారం పీల్చి దాని పొగరు అణుస్తుంది. ఆ ఏటి తాజా గింజలే వాడాలి, చలికాలం గడిస్తేనే మొలుస్తాయి.

'స్మాల్ బ్లూ' అనే చిట్టి సీతాకోకచిలుక గొంగళికి ఇక్కడ కిడ్నీ వెచ్ ఒక్కటే ఆహారం. పెరడంతా అక్కర్లేదు, ఎండ తగిలే ఓ మూల వదిలినా దానికి మేలే.